నేరం గురించి పాఠం ఎవరు చెప్పాలి? ఒక ప్రొఫెసర్ కుర్చీ కథ



లిబరల్ ఆర్ట్స్ పేరుతో నడిచే ప్రైవేటు యూనివర్సిటీలు ఈమధ్య క్రిమినాలజీ చెప్పేవాళ్ళను కూడా తీసుకుంటున్నాయి. ఇలాంటి నోటిఫికేషన్ ఎవరైనా పంపితే మనలో చాలామంది చదవకుండానే పక్కకు జరిపేస్తాం. "అది పోలీసోళ్ళ సబ్జెక్టు, మనకెందుకు" అనేది మామూలుగా వినిపించే మాట. డీఎస్సీ ఉంది, గ్రూప్స్ ఉన్నాయి, బ్యాంకు పరీక్షలు ఉన్నాయి, వాటి సంగతి చూసుకుందాం అంటాం. తప్పేమీ లేదు. కానీ ఆ కుర్చీకీ మనకూ ఉన్న సంబంధం తెలిస్తే అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. 1871, 1876, 1885.

1885లో ఇటలీలో గారోఫాలో అనే న్యాయమూర్తి రాసిన పుస్తకంతో ఈ శాస్త్రానికి 'క్రిమినాలజీ' అనే పేరు నిలబడింది. దానికి ముందు 1876లో అదే దేశంలో లొంబ్రోజో అనే డాక్టరు, కొందరు పుట్టుకతోనే నేరస్తులనీ, వాళ్ళ పుర్రె ఆకారాన్నీ దవడనీ చూసి పోల్చుకోవచ్చనీ పుస్తకం రాశాడు. ట్యూరిన్ యూనివర్సిటీ ఆయన్ను ప్రొఫెసర్‌గా నెత్తిన పెట్టుకుంది. ఈ ఇద్దరికంటే ముందు 1871లో మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే ఇక్కడ దొంగ కొడుకు దొంగే అవుతాడు, కులవృత్తి లాంటిదే ఇదీ అన్న వాదనతో బిల్లు పాసైంది. అంటే పుట్టుకతో నేరస్తుడు అనే మాట యూరప్ యూనివర్సిటీలో సిద్ధాంతం కాకముందే ఇక్కడ చట్టమై కూర్చుంది. శాస్త్రం వచ్చాక చట్టం రాలేదు. చట్టం వచ్చాక దానికి తగ్గ శాస్త్రం దొరికింది.

ఆ చట్టం మొదట ఉత్తరాదిలో అమలైంది. 1911లో చేసిన కొత్త చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. అంటే మన ఎరుకల, యానాది, సుగాలీ తండాల మీదకు వచ్చింది. కొన్ని తెగలను మొత్తంగా, కొన్నింటిలో కొన్ని గుంపులను నోటిఫై చేశారు. పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. దొంగతనం చేశాడని ఎవరూ రుజువు చెయ్యక్కర్లేదు, ఆ తెగలో పుట్టడమే చాలు.

మరి ఈ తెగలు నేర జాతులని ప్రభుత్వానికి చెప్పిందెవరు? ప్రొఫెసర్లు కాదు. మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ 1892లో మద్రాసు రాజధానిలోని 'నేర వర్గాల' మీద పుస్తకం రాశాడు. తర్వాత పాపారావు నాయుడు అనే మరో పోలీసు అధికారి రైల్వే దొంగల గురించి ఒకటి, కొరవ-ఎరుకల వాళ్ళ గురించి ఒకటి రాశాడు. పేరు చూస్తే తెలుస్తుంది, ఈయన మనవైపు మనిషే. మన గురించి రాసిన తొలి 'క్రిమినాలజీ' పుస్తకాలు ఇవే. వీటిలో సమాచారం స్టేషన్ రికార్డుల్లోంచి, పట్టుబడిన వాళ్ళ చేత చెప్పించిన మాటల్లోంచి వచ్చింది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా అమ్ముకునే ఎరుకల వాళ్ళ బతుకును రైళ్ళూ, ఉప్పు మీద సర్కారు పెత్తనమూ కలిసి దెబ్బకొట్టాయన్న సంగతి స్టేషన్ రికార్డులో ఎందుకుంటుంది? ఆ సంగతి మీనా రాధాకృష్ణ గారు 2001లో పుస్తకంగా తెచ్చేదాకా చాలామందికి తెలియనే తెలియదు.

ఇక బూత్-టక్కర్. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి సాల్వేషన్ ఆర్మీలో చేరిన తెల్లదొర. ఫకీర్ సింగ్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. నేర జాతులను బాగుచేసే విద్య మా దగ్గరుందంటూ ఆయన తెచ్చిన పుస్తకం పేరు 'క్రిమినోక్యూరాలజీ'. అంటే నేరానికి వైద్యం. మనం రోగం, వాళ్ళు డాక్టర్లు అన్నమాట! ఆ వైద్యశాలల్లో ఒకటి బాపట్ల పక్కన స్టువర్టుపురం. గవర్నరు కౌన్సిల్ మెంబరు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. బెజవాడ దగ్గర సీతానగరం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప కూడా ఆ కాలం సెటిల్మెంట్లే. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీలో ఆకు పని చేశారు. చవగ్గా కూలీలు దొరికారని కంపెనీకి సంతోషం, సంస్కరణ జరుగుతోందని సర్కారుకు సంతోషం. మన ముసలివాళ్ళను ఎవరు అడిగారు?

ఇదీ మన దగ్గరి కథ. ఇప్పుడు కొంచెం దూరం, అమెరికాకు పోదాం. కారణం ఉంది. నేరశాస్త్రాన్ని పోలీసు స్టేషన్‌లోంచి యూనివర్సిటీలోకి తెచ్చి, డిగ్రీలు పెట్టి, ప్రొఫెసర్లను నియమించిన తొలి చోట్లలో కాలిఫోర్నియాలోని బర్కిలీ ఒకటి. అక్కడ ఆ కుర్చీ మొదట ఎవరికి దక్కింది, మధ్యలో ఎవరి చేతికి వచ్చింది, వచ్చాక ఏం జరిగింది అనేది చూస్తే మన సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

మొదటి మనిషి ఆగస్ట్ వోల్మర్. బర్కిలీ ఊళ్ళో ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్. 1905లో టౌన్ మార్షల్‌గా ఎన్నికయ్యాడు, 1909లో ఆ ఊరి తొలి పోలీసు చీఫ్ అయ్యాడు. పెద్ద చదువు లేదు, కాలేజీ గడప తొక్కలేదు. 1916 నుంచి యూనివర్సిటీలో వేసవి క్లాసులు నడిపాడు. తర్వాత షికాగో యూనివర్సిటీలో, ఆపైన బర్కిలీలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన్ను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కొట్టి నేరం ఒప్పించే పద్ధతి వద్దన్నాడు. పోలీసులు చదువుకోవాలని కాలేజీ కుర్రాళ్ళను ఉద్యోగంలోకి తీసుకున్నాడు. ఆ కాలానికి అది మంచి పనే. మేం చూపించాలనుకున్నది వేరే. డిగ్రీ లేకపోయినా ఆయన పోలీసు అనుభవాన్ని యూనివర్సిటీ చదువుగా లెక్కగట్టింది. పట్టుకునేవాడి అనుభవం జ్ఞానమైంది. పట్టుబడేవాడి అనుభవాన్ని అలా లెక్కగట్టిన యూనివర్సిటీ అప్పటికి ఎక్కడా లేదు. 1950లో బర్కిలీలో క్రిమినాలజీకి విడిగా స్కూలు పెట్టినప్పుడు దాని డీన్ అయింది వోల్మర్ శిష్యుడు ఓ.డబ్ల్యూ. విల్సన్. ఆయనా పోలీసు చీఫ్‌గా చేసినవాడే. 1960లో ఆ కుర్చీ దిగి షికాగో నగర పోలీసుకు అధిపతిగా వెళ్ళాడు.

ఇప్పుడు రెండో మనిషి, పాల్ తకాగి. ఈయన కోసమే ఇంత దూరం వచ్చాం.

1923లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లిదండ్రులు జపాన్ నుంచి వచ్చి వ్యవసాయం చేసుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్, అమెరికా మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆ ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి వాళ్ళందరినీ, దాదాపు 1,20,000 మందిని, ఇళ్ళూ పొలాలూ వదిలించి ముళ్ళకంచెల క్యాంపుల్లోకి తోలారు. అందులో మూడింట రెండొంతులు అక్కడే పుట్టిన అమెరికా పౌరులు. ఒక్కరి మీదా కేసు లేదు, విచారణ లేదు. ఆ జాతిలో పుట్టడమే నేరం. ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

తకాగి కుటుంబాన్ని పంపింది మంజనార్ క్యాంపుకు. ఎడారి గాలి, తడికెల్లాంటి బరాకులు, కాపలా బురుజులు, 10,000 మంది జనం. 1942 డిసెంబరులో అక్కడ గొడవ జరిగి సైనికులు కాల్పులు జరిపితే ఇద్దరు కుర్రాళ్ళు చనిపోయారు. ఒకరికి 17 ఏళ్ళు. తకాగికి అప్పుడు 19.

యుద్ధం అయ్యాక చదువుకున్నాడు. తర్వాత చేసిన ఉద్యోగం వింటే ఆశ్చర్యమేస్తుంది. ప్రొబేషన్ ఆఫీసరుగా, పెరోల్ ఆఫీసరుగా, అంటే జైలు నుంచి బయటికొచ్చిన వాళ్ళ మీద కన్నేసి ఉంచే పని చేశాడు. కంచె లోపల ఉండి చూశాడు, బయట రిజిస్టర్ పట్టుకునీ చూశాడు. స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేశాడు. 1960ల మధ్యలో బర్కిలీ క్రిమినాలజీ స్కూలు ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. వోల్మర్ కూర్చున్న చోట, ఒకప్పుడు పుట్టుకను బట్టి బందీ అయిన మనిషి కూర్చున్నాడు.

అయితే ఏమైంది? ప్రశ్న మారింది. అప్పటిదాకా ఆ స్కూల్లో ప్రధానంగా అడిగిన ప్రశ్న, నేరస్తుణ్ణి ఎలా పట్టుకోవాలి, ఎలా దారిలో పెట్టాలి అని. తకాగి పోలీసుల చేతిలో చనిపోతున్నది ఎవరు అని అడిగాడు. దేశం మొత్తం మరణాల రికార్డులు తీసి లెక్కేశాడు. నల్లజాతి మగవాళ్ళు తెల్లవాళ్ళ కంటే తొమ్మిది, పది రెట్లు ఎక్కువగా పోలీసుల చేతిలో చనిపోతున్నారని తేలింది. 1974లో ఆ వ్యాసం అచ్చయింది. గమనించండి, ఆయన కొత్త లెక్కలు పుట్టించలేదు. ఆ రికార్డులు ప్రభుత్వం దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని ఆ వైపు నుంచి కూడినవాళ్ళే తక్కువ.

ఇంకొకటి కూడా చేశాడు. 1950లో వచ్చిన ఒక అమెరికా చట్టంలో, అవసరం పడితే అనుమానితులను విచారణ లేకుండా క్యాంపుల్లో పెట్టొచ్చనే భాగం ఉంది. అది ఉన్నంతకాలం మంజనార్ మళ్ళీ రావచ్చని జపాన్ సంతతి వాళ్ళు ఉద్యమం చేశారు. దాంట్లో తకాగి ముందున్నాడు. 1971లో ఆ భాగాన్ని రద్దు చేశారు. బర్కిలీలో ఆసియా అమెరికన్ల చరిత్రను పాఠంగా పెట్టించిన తొలివాళ్ళలోనూ ఆయన ఉన్నాడు.

ఆ కాలంలో ఆ స్కూల్లో ఆయన ఒక్కడే కాదు. టోనీ ప్లాట్ అని కుర్ర ప్రొఫెసర్ ఒకడు ఉండేవాడు. పిల్లల కోర్టులు పిల్లల్ని కాపాడటానికే పుట్టాయన్న నమ్మకాన్ని ప్రశ్నిస్తూ 1969లో పుస్తకం రాశాడు. పిల్లల్ని బాగుచేస్తామని తల్లిదండ్రుల నుంచి విడదీయడం వెనక ఎవరి భయాలున్నాయో అందులో చూపించాడు. సెటిల్మెంట్లలో పిల్లల్ని వేరే బడిలో పెట్టిన కథ తెలిసినవాళ్ళు ఆ పుస్తకం చదివితే వెంటనే అర్థమవుతుంది. హెర్మన్ ష్వెండింగర్ లాంటి వాళ్ళూ ఉన్నారు. క్లాసులో చెప్పి ఊరుకోకుండా, పోలీసుల మీద పెత్తనం కాలనీ జనానికే ఉండాలని ఊళ్ళో ప్రచారం కూడా చేశారు. 1971లో దాని మీద బర్కిలీలో ఓటింగ్ జరిగితే ఓడిపోయారు.

యూనివర్సిటీ పెద్దలకు ఇది నచ్చలేదు. ప్లాట్‌కు టెన్యూర్ ఇవ్వాలని తోటి ప్రొఫెసర్లు సిఫారసు చేసినా ఛాన్సలర్ బౌకర్ ఇవ్వలేదు. టెన్యూర్ అంటే మన భాషలో పర్మనెంట్ కావడం. తర్వాత మొత్తం స్కూలునే మూసేస్తామన్నారు. విద్యార్థులు సమ్మె చేశారు, భవనంలో బైఠాయించారు. 1976లో మూతపడింది. అది చదువు స్థాయి లేని చోటు, వృత్తి శిక్షణకు ఎక్కువ, పరిశోధనకు తక్కువ అని యాజమాన్యం వాదన. ఆ విమర్శలో కొంత నిజం ఉండొచ్చు. వోల్మర్ కాలం నుంచీ అది పోలీసులకు ట్రైనింగ్ ఇచ్చిన చోటే కదా. కానీ విల్సన్ డీన్‌గా ఉండి పోలీసు ఆఫీసర్లను తయారుచేసినన్నాళ్ళూ ఆ స్థాయి కారణంతో దాన్ని మూసెయ్యలేదు. పోలీసు చంపినవాళ్ళను లెక్కపెట్టడం మొదలైన కొద్దికాలానికే మూతపడింది. మా అభిప్రాయం మేం చెప్పాం, మీరు చదివి మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకోండి.

తకాగి అప్పటికే పర్మనెంట్. తీసెయ్యలేరు. ఎడ్యుకేషన్ విభాగానికి మార్చారు. రిటైర్ అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ప్లాట్ పర్మనెంట్ కాలేదు, బయటికి పోయాడు. తర్వాత శాక్రమెంటోలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పుకున్నాడు. గెస్ట్ ఫ్యాకల్టీగా, కాంట్రాక్టు లెక్చరర్లుగా చేస్తున్న మన అన్నలకూ అక్కలకూ ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మన దేశానికి తిరిగొద్దాం. మద్రాసు ప్రభుత్వం నేర జాతుల చట్టాన్ని 1947లోనే రద్దు చేసింది. మన తిరుచానూరు వాడైన అనంతశయనం అయ్యంగార్ కమిటీ 1950లో రిపోర్టు ఇచ్చాక, 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. దాని బదులు హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చాయి. తెగ పేరు పోయి మనిషి పేరు వచ్చింది, రిజిస్టర్ మాత్రం ఉండిపోయింది. ఇదే కాలంలో మన యూనివర్సిటీల్లోకి క్రిమినాలజీ వచ్చింది. 1959లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ యూనివర్సిటీ విభాగం పెట్టింది, తర్వాత మద్రాసు యూనివర్సిటీ. సాగర్‌లో క్రిమినాలజీతో పాటు ఫోరెన్సిక్ సైన్సు కూడా జంటగా పెట్టారు. మొగ్గు ఎటువైపో పేరులోనే ఉంది.

మరి ఆ రిజిస్టర్ పిల్లలు యూనివర్సిటీకి పోతే ఏమవుతుంది? చుని కొటాల్ గురించి ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. పశ్చిమ బెంగాల్ మేదినీపూర్ వైపు లోధా శబర తెగ అమ్మాయి. లోధాలూ నేర జాతుల జాబితాలో ఉన్నవాళ్ళే. ఆ తెగలో డిగ్రీ చేసిన మొదటి ఆడపిల్ల ఆమె. హాస్టల్ సూపరింటెండెంట్‌గా ఉద్యోగం చేస్తూ విద్యాసాగర్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆంత్రోపాలజీ చదివింది. అంటే తెగల గురించి చదివే సబ్జెక్టే. అక్కడ పాఠం చెప్పే మనిషే, నేర జాతి దానికి చదువెందుకన్నట్టు అవమానించాడని, హాజరు వెయ్యలేదని ఆమె ఫిర్యాదు చేసింది. విచారణ వేశారు, లాభం లేకపోయింది. 1992 ఆగస్టు 16న ఆత్మహత్య చేసుకుంది. 27 ఏళ్ళు. చట్టం రద్దై అప్పటికి 40 ఏళ్ళు. మహాశ్వేతాదేవి గారు ఆమె గురించి రాసి, మాట్లాడి, బెంగాల్ దాటించి దేశానికి తెలిపారు. ఆ తరగతి గదిలో బోర్డు దగ్గర లోధా మనిషి ఒక్కరున్నా కథ ఇలాగే నడిచేదా అని మాకు ఎప్పుడూ అనిపిస్తుంటుంది.

ఇక ఉద్యోగాల లెక్క. ఇది శ్రద్ధగా చదవండి. కేంద్ర యూనివర్సిటీల్లో ఎస్టీ రిజర్వేషన్ 7.5 శాతం. 2017లో అలహాబాద్ హైకోర్టు, రోస్టర్‌కు యూనివర్సిటీ మొత్తాన్ని కాకుండా ఒక్కో విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని చెప్పింది. 2018లో యూజీసీ అలాగే సర్క్యులర్ ఇచ్చింది. ఆ లెక్కలో ఎస్టీకి వచ్చే మొదటి పాయింటు 14వ పోస్టు. క్రిమినాలజీ లాంటి విభాగంలో ఐదారుగురు టీచర్లుంటే గొప్ప. పద్నాలుగో పోస్టు ఏ జన్మకు వస్తుంది? దేశమంతా గొడవ జరిగాక 2019లో పార్లమెంటు చట్టం చేసి మళ్ళీ యూనివర్సిటీనే యూనిట్ చేసింది. కాబట్టి ప్రభుత్వ యూనివర్సిటీలో ఇప్పుడు దారి ఉంది. ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో టీచర్ల నియామకానికి ఈ రోస్టర్ వర్తించదు. అక్కడ సెలక్షన్ కమిటీ దేన్ని అర్హత అనుకుంటే అదే అర్హత. వోల్మర్‌కు పోలీసు అనుభవం అర్హత అయినట్టు, సెటిల్మెంట్‌లో పెరిగి పీహెచ్‌డీ చేసిన మనిషి అనుభవం కూడా అర్హతే అని వాళ్ళకు చెప్పేవాళ్ళు కావాలి.

చెయ్యాల్సిన పని చాలా ఉంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు చెల్లవని తీర్పిచ్చింది. రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో నేర జాతులు, సంచార తెగలు అనే అర్థంతో మిగిలిపోయిన మాటల మీద కూడా మాట్లాడింది. డీనోటిఫైడ్ తెగల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యొద్దని పోలీసులకు చెప్పింది. ఆ మాన్యువళ్ళను తిరగేసి కోర్టుకు పోయింది సుకన్య శాంత అనే జర్నలిస్టు. చట్టం రద్దై 72 ఏళ్ళయినా ఆ పని ఏ క్రిమినాలజీ విభాగమూ కోర్టు గుమ్మం దాకా తేలేదు.

సెటిల్మెంట్ల కాలం నాటి ప్రభుత్వ కాగితాలు చెన్నై ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్టువర్టుపురంలో, కప్పరాళ్ళతిప్పలో, సీతానగరంలో అమ్మమ్మలు, తాతలు చెప్పిన మాటలు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు, ఏటేటా తగ్గిపోతున్నారు. హిస్టరీ షీట్లలో ఏ తెగ వాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో సమాచార హక్కు కింద అడిగి, జిల్లాల వారీగా కూడి చూడొచ్చు. తకాగి చేసింది అలాంటి కూడికే.

యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ విడిగా ఒక సబ్జెక్టు, కోడ్ 68. సోషియాలజీ, సోషల్ వర్క్, లా, సైకాలజీ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సిలబస్ ఒకసారి డౌన్‌లోడ్ చేసి చూడండి. లొంబ్రోజో ఉంటాడు. ఇప్పటికే రాసినవాళ్ళు, పుస్తకాలు ఉన్నవాళ్ళు గ్రూపులో చెప్పండి, వచ్చే పరీక్షకు కలిసి చదువుదాం.